హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి): చూపులేని విద్యార్థి, మదీనా ఉపాధ్యాయుడు

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ప్రియ సహచరుల్లో సంపన్నులున్నారు, పూట గడవని నిరుపేదలున్నారు. తెగల నాయకులున్నారు, బానిసత్వం నుంచి విముక్తి పొందినవారున్నారు. వారిలో చూపులేని ఒక మహనీయుడు కూడా ఉన్నారు. ఆయనే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి). రమజాన్ మాసంలో సహరీ వేళల గురించి చెప్పుకునేటప్పుడు మన ఇళ్ళలో ఆయన పేరు వినిపిస్తుంది. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు అజాన్ ఇచ్చిన అంధ సహాబీగా ఆయన చాలామందికి తెలుసు. కాని ఆయన జీవితాన్ని ఒక విద్యార్థి జీవితంగా, ఒక ఉపాధ్యాయుడి జీవితంగా పరిశీలించినవారు తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ కోణాన్నే పాఠకుల ముందుంచదలిచాము.

దీనికి ఒక కారణం ఉంది. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న మా ఏటూరునాగారం ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. ఇక్కడా, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ముస్లిం కుటుంబాలు తక్కువే. చిన్న చిన్న వ్యాపారాలు, కూలి పనులు చేసుకుని బతికేవారే ఎక్కువ. ఇలాంటి ఇళ్ళలో చూపులేని బిడ్డో, వినికిడి లేని బిడ్డో, కాళ్ళు చచ్చుబడిన బిడ్డో, బుద్ధి నెమ్మదిగా ఎదిగే బిడ్డో ఉంటే చాలాసార్లు ఆ బిడ్డ ఇంట్లోనే ఉండిపోతాడు. అన్నదమ్ములు బడికి వెళతారు, మక్తబ్‌కు వెళతారు. ఆ బిడ్డ గుమ్మంలో కూర్చుని వారు వెళ్ళే చప్పుడు వింటూ ఉంటాడు. తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు. వీడికి చదువెలా వస్తుంది, ఎవరు చెబుతారు, నలుగురిలో పిల్లాడు నవ్వులపాలవుతాడేమో అన్న దిగులు వారిది. ఆ దిగులుకు జవాబు హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) జీవితంలో ఉంది.

వంశం, బాల్యం

ఆయన ఖురైష్ తెగలోని బనూ ఆమిర్ బిన్ లువై శాఖకు చెందినవారు. మదీనా వాసులు ఆయన్ని అబ్దుల్లాహ్ అనీ, ఇరాక్ వాసులు అమ్ర్ అనీ పేర్కొన్నారు. తండ్రి పేరు ఖైస్ బిన్ జాయిదా. తల్లి పేరు ఆతికా బిన్తె అబ్దుల్లాహ్. ఆమె బనూ మఖ్‌జూమ్ వంశస్థురాలు, ఉమ్మె మక్తూమ్‌గా ప్రసిద్ధురాలు. అరబ్బులు సాధారణంగా మనిషిని తండ్రి పేరుతో గుర్తిస్తారు. ఈయన మాత్రం తల్లి పేరుతోనే చరిత్రలో నిలిచారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (రజి)కు ఆయన మేనమామ కుమారుడు.

చిన్నతనం నుంచే ఆయనకు చూపు లేదు. ఆనాటి మక్కాలో మనిషి విలువను సంపదతో, సంతానంతో, కత్తి తిప్పే బలంతో కొలిచేవారు. వంశం గొప్పదైనా కళ్ళు లేనివాడికి సభల్లో పెద్దపీట ఉండేది కాదు. అటువంటి వాతావరణంలో ఆయన సత్య సందేశాన్ని విన్నారు, ఆలోచించారు, తొలినాళ్ళలోనే ఇస్లాం స్వీకరించారు. మక్కా సర్దారులు కళ్ళుండి చూడలేకపోయిన దాన్ని ఆయన మనసుతో చూశారు.

పాఠం చెప్పమని అడిగిన రోజు

ఒకరోజు దైవప్రవక్త (సఅసం) ఖురైష్ సర్దారులు కొందరికి ఇస్లాం గురించి వివరిస్తున్నారు. ఉత్బా, అబూ జహల్, ఉమయ్యా బిన్ ఖలఫ్ వంటి వారి పేర్లు ఉల్లేఖనాల్లో కనిపిస్తాయి. అప్పటికి ముస్లింల సంఖ్య చాలా తక్కువ. వారిపై హింస కొనసాగుతోంది. ఈ సర్దారుల్లో ఒక్కరి మనసు మారినా వారి వెనుక ఎందరో వస్తారు, బలహీనులైన ముస్లింలకు ఊరట లభిస్తుంది. ఆ ఆశతో దైవప్రవక్త (సఅసం) ఎంతో శ్రద్ధగా మాట్లాడుతున్నారు.

సరిగ్గా అదే సమయంలో హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అక్కడికి వచ్చారు. అల్లాహ్ మీకు నేర్పిన దానిలో నుంచి నాకూ నేర్పండని కోరారు. అక్కడ ఎవరున్నారో, ఎంత ముఖ్యమైన సంభాషణ జరుగుతోందో ఆయనకు కనిపించదు. అందుచేత మళ్ళీ మళ్ళీ అడిగారు. మాటకు మధ్యలో అంతరాయం కలిగింది. దైవప్రవక్త (సఅసం) నుదురు ముడిపడింది. ఆయన (సఅసం) ముఖం తిప్పుకుని సర్దారుల వైపే మాట కొనసాగించారు.

అప్పుడు దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా అవతరించింది. దాని పేరే అబస, అంటే నుదురు ముడివేయడం. ఆ తొలి ఆయతుల సారాంశం ఇది. అంధుడు తన దగ్గరికి వచ్చినందుకు ఆయన ముఖం తిప్పుకున్నారు. ఆ వచ్చినవాడు పరిశుద్ధుడవుతాడేమో, హితబోధ విని ప్రయోజనం పొందుతాడేమో ఎవరికి తెలుసు? తనకేమీ అవసరం లేదనుకునే వాడిపై శ్రద్ధ చూపడం, అల్లాహ్‌కు భయపడుతూ పరుగున వచ్చిన వాడిపై అశ్రద్ధ చూపడం తగదు. ఈ సందేశం అందరికీ హితబోధ, కోరినవారు దీన్ని స్వీకరిస్తారు.

అటు తర్వాత దైవప్రవక్త (సఅసం) ఆయన్ని ఎంతగానో గౌరవించేవారని, ఆయన వస్తే ఆదరంగా పలకరించి అవసరాలు అడిగి తెలుసుకునేవారని ఉల్లేఖనాలున్నాయి.

బోధించేవారికి ఇందులోని పాఠాలు

పాఠక సోదరులారా, సోదరీమణులారా! ఈ సూరా అమ్మ పారాలో ఉంది. మన మక్తబ్‌లలో పిల్లలు మొదట కంఠస్థం చేసేది ఆ పారానే. పిల్లలు పఠిస్తారు, మనం విని సంతోషిస్తాము. కాని ఆ సూరా ఎవరి విషయంలో అవతరించిందో, అటువంటి బిడ్డ ఆ చాప మీద కూర్చున్నాడా లేదా అని తల తిప్పి చూడము.

ఈ సంఘటనలో మూడు విషయాలు జాగ్రత్తగా గమనించాలి.

మొదటిది, దైవప్రవక్త (సఅసం) ఉద్దేశం పరమ పవిత్రమైనది. ఆయన (సఅసం) అంధుణ్ణి తక్కువగా చూడలేదు. ఒక పెద్ద మేలు జరుగుతుందన్న ఆశతో చిన్న పని కాసేపు ఆగవచ్చనుకున్నారు. అయినా అల్లాహ్ దాన్ని సరిదిద్దాడు. నేడు వైకల్యం గల బిడ్డను తరగతిలో చేర్చుకోని వారు కూడా చాలావరకు చెడ్డవారేమీ కాదు. మిగతా పిల్లల చదువు వెనుకబడుతుందనీ, ఫలితాలు తగ్గుతాయనీ, వార్షిక జల్సాలో పారాలు వినిపించాల్సిన పిల్లలకు సమయం చాలదనీ వారు చెబుతారు. ఇవి కూడా పెద్ద మేలు పేరుతో చెప్పే కారణాలే. అంత పవిత్రమైన ఉద్దేశంతో జరిగిన దానికే దిద్దుబాటు వచ్చినప్పుడు మన కారణాలు ఎంతవరకు నిలుస్తాయి?

రెండవది, వచ్చిన వ్యక్తి చూపులేనివారు. ముడిపడిన నుదురు ఆయనకు కనిపించలేదు. ఆ ముఖం చూసి ఆయన నొచ్చుకునే అవకాశమే లేదు. అయినా అల్లాహ్ దాన్ని వదిలేయలేదు. మన మధ్య ఒక అపోహ ఉంది. బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లాడికి ఏం అర్థమవుతుందిలే, వినబడని పిల్లకు మన మాట ఎక్కడ వినిపిస్తుందిలే అనుకుంటాము. ఎదుటివారికి తెలియకపోయినంత మాత్రాన మన ప్రవర్తనకు లెక్క లేకుండా పోదని ఈ సూరా చెబుతోంది.

మూడవది, ఆయత్‌లో ఆయన పేరు చెప్పకుండా అంధుడు అన్న మాటనే వాడటం. ఇది కించపరచడానికి కాదు, ఆయన తరఫున సంజాయిషీగా వచ్చిన మాట అని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. మధ్యలో మాట్లాడటం మర్యాద కాదన్నది నిజమే. కాని ఆయన చూడలేరు గనుక అది తప్పు కాదు. తరగతిలో ఒక బిడ్డ కుదురుగా కూర్చోలేకపోతే, పిలిస్తే పలకకపోతే, అడిగిందే అడుగుతూ ఉంటే వెంటనే బెత్తం అందుకోకూడదు. అది అల్లరో, ఆ బిడ్డ స్థితి వల్ల జరుగుతున్నదో ముందు తెలుసుకోవాలి.

మదీనాలో ఉపాధ్యాయుడు

పాఠం చెప్పమని అడిగిన ఆ విద్యార్థి అనతికాలంలోనే పాఠం చెప్పేవారయ్యారు. క్రీ.శ. 622లో దైవప్రవక్త (సఅసం) హిజ్రత్ చేయడానికి ముందే మదీనా చేరిన తొలి సహాబాలు ఇద్దరు. ఒకరు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి), రెండవవారు హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). వారిద్దరూ మదీనా ప్రజలకు ఖుర్ఆన్ నేర్పేవారని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

ఆ ఇద్దరి జోడీ గమనించదగినది. ఒకరు మక్కాలో సకల సౌఖ్యాల మధ్య పెరిగిన యువకులు. మరొకరు చూపులేనివారు. మదీనా ప్రజలు ఇద్దరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నారు. అంధుల కోసం వేరే పాఠశాల లేదు, అంధుడైన గురువుకు వేరే శిష్యులూ లేరు.

ఆయన బోధించగలగడానికి ఒక కారణం ఆ కాలపు విద్యా పద్ధతి కూడా. ఖుర్ఆన్ విద్య అప్పుడు ప్రధానంగా చెవి ద్వారా, నోటి ద్వారా సాగేది. గురువు పఠిస్తే శిష్యుడు విని తిరిగి అప్పజెప్పేవాడు. ఆ పద్ధతిలో చూపు లేకపోవడం అడ్డంకి కాలేదు. నల్లబల్ల మీద రాసి, చూసి రాసుకోండని చెప్పే తరగతిలో అదే మనిషి ఏమీ రానివాడుగా మిగిలిపోయి ఉండేవారు. బిడ్డకు చదువు రావడం లేదంటే లోపం బిడ్డలోనే ఉందని తీర్మానించే ముందు మనం చెప్పే పద్ధతిని కూడా ఒకసారి చూసుకోవాలి.

ఫజర్ అజాన్

మదీనాలో మస్జిదె నబవీ నిర్మాణం జరిగింది. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) కూడా ముఅజ్జిన్‌గా నియమితులయ్యారు. హజ్రత్ బిలాల్ (రజి) తెల్లవారడానికి ముందే, ఇంకా రాత్రి ఉండగా అజాన్ ఇచ్చేవారు. ఉపవాసం ఉండదలచినవారు ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినబడే వరకు తినవచ్చు, తాగవచ్చు అని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు.

ఆలోచించండి. ఉపవాసం ప్రారంభమయ్యే ఘడియను ప్రకటించే బాధ్యత తెల్లవారడాన్ని చూడలేని వ్యక్తికి అప్పగించారు. మరి ఆయనకు ఎలా తెలిసేది? తెల్లవారింది అని ప్రజలు చెప్పేవారు. ఆ మాట విన్నాకే ఆయన అజాన్ ఇచ్చేవారు. చూపులేదు గనుక ఈ పని వద్దు అని ఆయన్ని తప్పించలేదు. పనికి కావలసిన ఒక చిన్న సహాయాన్ని జోడించారు. ఆ ఒక్క మాట సాయంతో మదీనా నగరం మొత్తం ఆయన గొంతు కోసం ఎదురుచూసింది.

నేడు ప్రత్యేక అవసరాలు గల పిల్లల విద్య గురించి పెద్ద పెద్ద గ్రంథాలు వచ్చాయి. వాటన్నిటి సారం ఆ ఫజర్ అజాన్‌లో కనిపిస్తుంది. బాధ్యతను తగ్గించవద్దు, దాన్ని నెరవేర్చడానికి కావలసిన తోడును అందించండి.

జమాఅత్ నమాజు విషయం

ఒకసారి ఆయన దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, తన ఇల్లు దూరమనీ, చేయి పట్టి నడిపించేవారు సరిగా దొరకడం లేదనీ, ఇంట్లో నమాజు చేసుకోవచ్చా అని అడిగారు. అజాన్ వినబడుతుందా అని దైవప్రవక్త (సఅసం) అడిగారు. వినబడుతుందని చెప్పగా, అయితే మస్జిద్‌కు రావాలన్నట్లుగా జవాబిచ్చారు. మరోవైపు చూపు మందగించిన హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) వర్షాల్లో వాగు పొంగి మస్జిద్‌కు చేరలేకపోతున్నానని విన్నవిస్తే, దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళి, ఆయన చూపించిన చోట నమాజు చేయించారు.

ఈ రెండు సంఘటనలపై ఫిఖ్హ్ పండితులు విస్తారంగా చర్చించారు. మేము ఇక్కడ ఒక్క విషయమే చెప్పదలిచాము. చూపులేనివారందరికీ కలిపి ఒకే తీర్పు ఇవ్వలేదు. ఎదురుగా ఉన్న మనిషిని, అతని దారిని, అతని శక్తిని చూసి జవాబిచ్చారు. రాగలిగిన వారిని నలుగురిలోకి రమ్మన్నారు, రాలేని వారి దగ్గరికి తామే వెళ్ళారు. వానాకాలంలో వాగులు పొంగి దారులు తెగే మా ప్రాంతంలో హజ్రత్ ఇత్బాన్ (రజి) ఇబ్బంది ఎలాంటిదో ఎవరికీ వివరించనక్కరలేదు.

ఆయత్‌లో చేరిన మినహాయింపు

మదీనాలోనే మరో సంఘటన జరిగింది. అల్లాహ్ మార్గంలో పోరాడేవారు, ఇంట్లో కూర్చునేవారు సమానులు కారన్న ఆయత్ అవతరించింది. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ని పిలిచి దాన్ని రాయిస్తున్నారు. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అక్కడే ఉన్నారు. తనకు శక్తి ఉంటే తప్పకుండా పోరాడేవాడినని, చూపులేని తన సంగతేమిటని ఆవేదనతో విన్నవించుకున్నారు. వెంటనే మళ్ళీ వహీ వచ్చింది. ఆ సమయంలో దైవప్రవక్త (సఅసం) తొడ తన తొడపై ఆని ఉందనీ, ఆ బరువుకు తన తొడ నలిగిపోతుందేమోనన్నంత భారం కలిగిందనీ హజ్రత్ జైద్ (రజి) తెలిపారు. ఏ వైకల్యమూ లేకుండానే ఇంట్లో కూర్చునేవారికి మాత్రమే ఆ మాట వర్తించేలా ఆయత్‌లో మినహాయింపు చేరింది. అది అన్నిసా సూరాలోని 95వ ఆయత్.

ఒక అంధుడి విన్నపంపై ప్రళయదినం దాకా నిలిచే గ్రంథంలో మాట చేరింది. ఇక మన బడి నియమాల్లో, మక్తబ్ వేళల్లో ఒక బిడ్డ కోసం చిన్న మార్పు చేయడం మనకు కష్టమా?

మదీనా బాధ్యతలు, ఖాదిసియ్యా పతాకం

దైవప్రవక్త (సఅసం) ప్రయాణాలకు, యుద్ధాలకు వెళ్ళినప్పుడు మదీనాలో తమ స్థానంలో ఒకరిని నియమించి వెళ్ళేవారు. ఆ గౌరవం హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)కి పలుమార్లు దక్కింది. కొందరు చరిత్రకారులు పదమూడుసార్లని రాశారు. ఉహుద్ యుద్ధానికి బయలుదేరినప్పుడు మదీనాలో నమాజు చేయించే బాధ్యత ఆయనకే అప్పగించారు. కళ్ళున్న వారంతా ఆయన వెనుక వరుసల్లో నిలబడ్డారు.

యుద్ధం నుంచి తనకు మినహాయింపు ఉన్నా ఆయన మనసు ఊరుకోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, క్రీ.శ. 636 ప్రాంతంలో ఇరాక్‌లోని ఖాదిసియ్యా వద్ద ఇరాన్ సైన్యంతో పెద్ద యుద్ధం జరిగింది. ముస్లింల సేనాని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి). ఆ యుద్ధంలో హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) కవచం తొడుక్కుని, నల్లని పతాకం పట్టుకుని నిలబడి ఉండగా చూశామని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. తనకు చూపు లేదు గనుక పారిపోలేననీ, పతాకం తనకివ్వండనీ ఆయన కోరినట్లు ఉల్లేఖనాలున్నాయి. తన లోపమని లోకం అనుకున్న దాన్నే ఆయన ఒక పనికి అర్హతగా చూపించారు. ఆయన అక్కడే షహీద్ అయ్యారని కొందరు, మదీనాకు తిరిగివచ్చాక మరణించారని మరికొందరు చరిత్రకారులు రాశారు.

ఆ దారిలో నడిచినవారు

ఆయన తర్వాత ఇస్లామీ విద్యా చరిత్రలో ఇటువంటి మహనీయులు ఎందరో వచ్చారు. మక్కా ముఫ్తీగా పేరుగాంచిన తాబియీ హజ్రత్ అతా బిన్ అబీ రబాహ్ (రహ్మలై) కుంటుతూ నడిచేవారు, తర్వాత చూపు కూడా పోయింది. అయినా హజ్ రోజుల్లో ధర్మసందేహాలకు జనం ఆయన దగ్గరికే వెళ్ళేవారు. బస్రాకు చెందిన హజ్రత్ ఖతాదా (రహ్మలై) అంధులు, జ్ఞాపకశక్తికి పెట్టింది పేరు. మేము మదరసాలో ఖిరాఅత్ చదువుకున్న రోజుల్లో కంఠస్థం చేసిన షాతిబియ్యా అనే సుదీర్ఘ కావ్యాన్ని రచించినవారు అందలూసియాకు చెందిన ఇమామ్ షాతిబీ (రహ్మలై). ఆయన కూడా చూపులేనివారే. హిజ్రీ 590లో కైరోలో మరణించారు. ఎనిమిది శతాబ్దాలుగా కళ్ళున్న విద్యార్థులు ఆయన వద్ద పాఠం నేర్చుకుంటూనే ఉన్నారు. ఉమయ్యా ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ కాలంలో అంధులకు దారి చూపేవారిని, కదలలేని వారికి సేవకులను ప్రభుత్వమే ఏర్పాటు చేసిందని చరిత్రకారులు రాశారు.

వీరెవ్వరూ ఇంటి గుమ్మంలో కూర్చుని విద్వాంసులు కాలేదు. ఎవరో ఒకరు వారి చేయి పట్టి పాఠం జరిగే చోటికి తీసుకువెళ్ళారు. అక్కడి గురువు జరిగి చోటిచ్చారు.

మన దేశ చట్టం ఏం చెబుతోంది?

నేడు మన దేశంలో కూడా ఇది దయాధర్మం కాదు, హక్కు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత విద్య హక్కు ఇచ్చింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఇది 21 రకాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు ఉంది. దగ్గరలోని మామూలు బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది ఎంచుకునే అవకాశం కుటుంబానిదే. వైకల్యం కారణంగా చేర్చుకోమని చెప్పే అధికారం ప్రభుత్వ బడికీ, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడికీ లేదు.

ప్రత్యేక పాఠశాలలు మంచి పని చేస్తున్నాయి. బ్రెయిలీ లిపి, సైగల భాష అక్కడ బాగా నేర్పుతారు. కాని ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు, హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఆరేళ్ళ బిడ్డను అంత దూరం హాస్టల్లో ఉంచడానికి ఏ తల్లి మనసు ఒప్పుతుంది? అందుకే ఊళ్ళోని బడి తలుపు తెరిచి ఉండటం మా వంటి చోట్ల మరీ అవసరం. తెలంగాణలో మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పాఠాలు చెబుతారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. అసలు కదలలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంది. పదవ తరగతి పరీక్షల్లో అర్హులైన వారికి రాసిపెట్టే సహాయకుణ్ణి, అదనపు సమయాన్ని ఇస్తారు. వీటి కోసం ముందుగా వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలి. చాలా ఇళ్ళలో పింఛను కోసం ఆ పత్రం తీసుకుంటారు గాని, అదే పత్రం చదువుకు కూడా పనికొస్తుందని తెలియదు.

ఇక్కడ ఒక మాట ఉలమాలకు, మక్తబ్ నిర్వాహకులకు చెప్పాలి. 2012లో చేసిన సవరణ ప్రకారం విద్యాహక్కు చట్టం మదరసాలకు వర్తించదు. ఆ చట్టం మనల్ని మినహాయించింది. అబస సూరా మాత్రం మనల్ని మినహాయించలేదు.

మక్తబ్‌లో, ఇంట్లో చేయదగిన పనులు

ఇందుకు పెద్ద ఖర్చులు అవసరం లేదు. చూపులేని బిడ్డను ఉస్తాద్‌కు దగ్గరగా కూర్చోబెట్టి వినిపించి నేర్పండి. మంచి ఖారీల పఠనం ఫోనులో వినిపించండి. బ్రెయిలీ లిపిలో ఖుర్ఆన్ ప్రతులు కూడా లభిస్తున్నాయి. వినికిడి తక్కువ ఉన్న బిడ్డకు పెదవుల కదలిక కనిపించేలా ఎదురుగా కూర్చుని చెప్పండి, రాసి చూపించండి, వజూ, నమాజు చేసి చూపించండి. నడవలేని బిడ్డ కోసం మెట్ల పక్కన ఏటవాలు దారి కట్టించండి. అది వృద్ధ నమాజీలకు కూడా ఉపయోగపడుతుంది. బుద్ధి నెమ్మదిగా ఎదిగే బిడ్డకు అల్‌ఫాతిహా సూరా నేర్చుకోవడానికి ఏడాది పట్టినా పట్టనివ్వండి. షరీఅత్ బాధ్యతలు తెలివిని బట్టే ఉంటాయి. తెలివి పూర్తిగా లేని బిడ్డపై పాపభారం లేదు. కాని అందరితో కూర్చుని అల్లాహ్ నామం పలికే ఆనందం నుంచి ఆ బిడ్డను దూరం చేసే హక్కు కూడా మనకు లేదు. తోటి పిల్లల్లో ఒకరికి చేయి పట్టి తీసుకొచ్చే బాధ్యత అప్పగించండి. ఆ పిల్లాడికి అంతకన్నా మంచి తర్బియత్ ఏ పుస్తకంలోనూ దొరకదు.

అన్నిటికన్నా ముందు నాలుకను అదుపులో పెట్టాలి. గుడ్డోడా, కుంటోడా అని తెలుగులో, అంధా, లంగ్డా, గూంగా అని ఉర్దూలో పిలవడం మన వీధుల్లో మామూలైపోయింది. కించపరిచే మారుపేర్లతో పిలుచుకోవడాన్ని అల్‌హుజురాత్ సూరా నిషేధించింది. పిల్లలు ఆ పేర్లు పెద్దల నోట విని నేర్చుకుంటారు.

తల్లులారా! మీ బిడ్డను నలుగురిలోకి పంపడానికి సిగ్గుపడకండి. హజ్రత్ ఉమ్మె మక్తూమ్ పేరు ప్రపంచానికి తెలిసింది ఆమె చూపులేని కుమారుడి వల్లనే.

రమజాన్ మాసం రాగానే మనం వికలాంగుల చేతిలో జకాత్ డబ్బు పెడతాము. మంచిదే. కాని హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఆ రోజు మక్కాలో దానం అడగలేదు, పాఠం అడిగారు. ఆయన అడిగింది ఇవ్వడంలో జరిగిన కొద్దిపాటి ఆలస్యానికే ఆకాశం నుంచి వాణి దిగివచ్చింది. మన ఇంటి గుమ్మంలో కూర్చున్న బిడ్డ కూడా అదే అడుగుతున్నాడు. రేపు ఉదయం ఆ బిడ్డ చేయి పట్టుకుని బడికీ, సాయంత్రం మక్తబ్‌కూ తీసుకువెళ్ళడం మన చేతుల్లో ఉంది.

అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక! బలహీనుల కోసం జరిగి చోటిచ్చే మనసును మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.